చిన్న హాల్లో నిప్పు... పొగకు దారేది?

ఇంట్లో ఓ మూల చిటపటలాడే మంట, చుట్టూ కుటుంబం, చేతిలో వేడి కాఫీ... తలచుకుంటేనే వెచ్చగా ఉంటుంది. కానీ గదిలోకి నిప్పును పిలిచే ముందు, దాని వెంట వచ్చే పొగను ఎటు పంపాలో తేల్చుకోవాలి. ఫైర్‌ప్లేస్ అంటే మంట కాదు... దారి!

సంక్రాంతి నెల. రాత్రి పది దాటింది. విశాఖపట్నంలో చాలా ఇళ్లలో ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంటుంది. సముద్రం పక్కనే ఉండటంతో జనవరిలోనూ కనిష్ఠ ఉష్ణోగ్రత పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల దగ్గరే ఆగిపోయే ఊరిది. దుప్పటి కప్పుకుంటే చలి పారిపోతుంది. అలాంటి చోట ఫైర్‌ప్లేస్ గురించి ఎవరైనా ఆలోచిస్తారా?

ఆలోచిస్తున్నారు. న్యూజెర్సీలో ఉన్న కొడుకు వీడియో కాల్ చేసినప్పుడు, వాడి వెనక గోడలో వెలుగుతున్న మంటను చూసి ముచ్చటపడే అమ్మలున్నారు. కొత్త ఫ్లాటుకి ఇంటీరియర్ చేయిస్తూ 'టీవీ కింద ఒక ఫైర్‌ప్లేస్ కూడా...' అని అడిగే కుర్ర జంటలున్నారు. ఇక నగరం నుంచి వంద కిలోమీటర్లు దాటి ఘాటెక్కితే కథే మారిపోతుంది. అరకు లోయ, చింతపల్లి, లంబసింగి... 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లిన ఈ ఊళ్లలో డిసెంబరు, జనవరి నెలల్లో పాదరసం ఒక అంకెకు పడిపోతుంది. లంబసింగికి 'కొర్రబయలు' అని మరో పేరు. రాత్రి బయట పడుకుంటే పొద్దుటికి మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. మంచు చూడ్డానికి వచ్చే జనం కోసం అక్కడ హోంస్టేలు నడుపుకొనే స్థానికులకు గదిలో వెచ్చదనం విలాసం కాదు, అవసరం.

మరి పన్నెండడుగుల హాల్లో మంటను కూర్చోబెట్టడం ఎలా? కొలతలూ, ఇటుకలూ, డిజైన్లూ తర్వాత. ముందు మనింటి పాత చుట్టం సంగతి చూడాలి.

మన ఫైర్‌ప్లేస్... కుంపటి

తెలుగువాళ్లకు ఫైర్‌ప్లేస్ లేదుగానీ కుంపటి ఉంది. మట్టిదో, ఇనుపదో... కాళ్లుండే చిన్న గిన్నె. అందులో నాలుగు బొగ్గులు. పాలు కాగాలన్నా, బాలింతకు కాపడం పెట్టాలన్నా, పసిపిల్లలకు సాంబ్రాణి పొగ వేయాలన్నా, ముసలివాళ్లు చేతులు కాచుకోవాలన్నా అదే. ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకెళ్లొచ్చు. మన మాటల్లోకీ అది ఎంతగా వచ్చేసిందంటే... అన్నదమ్ములు విడిపోతే 'వేరు కుంపటి పెట్టారు' అంటాం. తీరని దిగులుంటే 'గుండెల మీద కుంపటి' అంటాం.

మరి తరతరాలుగా గదుల్లో కుంపట్లు పెట్టుకున్నారు కదా, వాళ్లకేం కాలేదే? ఈ ప్రశ్నకు సమాధానం కుంపట్లో లేదు, ఇంట్లో ఉంది. ఆనాటి ఇల్లు ఊపిరి తీసుకునేది. పెంకుటిల్లయితే పెంకు పెంకుకీ మధ్య సందు. తాటాకిల్లయితే కప్పంతా సందే. మండువా లోగిలికైతే నడిమధ్యన ఆకాశమే కప్పు. వంటింటి గోడకు పైన గవాక్షం. తలుపులకు చెక్కకీ చెక్కకీ నడుమ చీలికలు. నిప్పు నుంచి పుట్టిందేదైనా ఏదో ఒక దారిన బయటికి పోయేది. మన్యంలోని పాతకాలపు ఇళ్లలోనూ అంతే. పొయ్యి పొగ పైకి లేచి, దూలాలను నల్లగా మార్చి, కప్పులోంచి మెల్లగా జారుకుంటుంది. ఆ పొగ వల్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ కీడు జరగలేదని కాదు. కానీ ప్రాణాలు తీసే వాయువు గదిలో గడ్డకట్టుకుని కూర్చునేది కాదు.

ఇప్పటి ఇల్లు వేరు. పైన శ్లాబు. గాలి చొరబడని అల్యూమినియం, యూపీవీసీ కిటికీలు. దోమలు రాకుండా మెష్, ఏసీ చల్లదనం పోకుండా తలుపు కింద రబ్బరు పట్టీ. వెంటిలేటర్లు ఎప్పుడో మాయమయ్యాయి. అమ్మమ్మ కాలంలో హాయినిచ్చిన అదే కుంపటిని, అవే నాలుగు బొగ్గులతో ఈ గదిలో పెట్టి తలుపేసుకుంటే... అది యమపాశం.

పొగ రాని నిప్పే ప్రమాదం

'నిప్పు లేనిదే పొగ రాదు' అన్నది సామెత. చిక్కేమిటంటే పొగ రాని నిప్పూ ఉంటుంది. కట్టెల మంటకు కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది, మనిషి లేచి బయటికి పోతాడు. ఎర్రగా కాలిన బొగ్గుకు పొగ ఉండదు, వాసనుండదు. 'పొగ పోయింది, ఇక లోపల పెట్టుకోవచ్చు' అనుకుంటారు చాలామంది. అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే.

కుంపట్లో అడుగు నుంచి గాలి వెళుతుంది. అక్కడ బొగ్గు కాలి కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. అది పైకి వస్తూ ఎర్రగా కణకణలాడే బొగ్గుల మధ్య నుంచి వెళ్లేసరికి మరికొంత కార్బన్‌ను కలుపుకొని కార్బన్ మోనాక్సైడ్‌గా మారిపోతుంది. నిండు కుంపటి మీద అప్పుడప్పుడూ నీలిమంట ఆడుతుందే... అది ఈ వాయువు కాలుతున్న గుర్తు. ఆ నీలిమంట కూడా ఆరిపోయి, నివురు కప్పిన నిప్పు మాత్రమే మిగిలిందంటే వాయువు కాలకుండానే గదిలోకి వచ్చేస్తోందన్నమాట.

రంగు, రుచి, వాసన లేని ఈ వాయువు ఊపిరితో పాటు రక్తంలోకి చేరుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే దీని మీదే మోజెక్కువ. రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. అంటే బండ్లన్నీ తప్పుడు సరుకుతో నిండిపోయి, అసలు సరుక్కి చోటు లేకుండా పోతుంది. ముందు తలనొప్పి. తర్వాత తల తిరగడం, వికారం, మగత. నిద్రలో ఉన్నవారికి ఇవేవీ తెలియవు. నిద్ర లోంచి నిద్రలోకే జారిపోతారు. శీతాకాలంలో ఉత్తరాది నగరాల నుంచి 'కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబం...' అంటూ దాదాపు ఏటా వచ్చే వార్తల వెనక ఉన్నది ఈ వాయువే. గాలి ఆడని బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల జరిగే మరణాలకూ ఇదే కారణం.

అరకు, లంబసింగి వెళ్లే కుర్రకారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. బొంగు చికెన్ అయిపోయింది, నెగడు చుట్టూ పాటలూ అయిపోయాయి. మిగిలిన నిప్పుల్ని రేకు మీద ఎత్తి గుడారంలో పెట్టుకుంటే రాత్రంతా వెచ్చగా ఉంటుందన్న ఆలోచన రాకూడదు. గుడారం గది కంటే చిన్నది. జిప్పు వేస్తే గాలి కూడా అంతంతమాత్రమే.

ఉక్కు కొలిమి చెప్పే పాఠం

ఈ వాయువు గురించి విశాఖకు కొత్తగా చెప్పాల్సింది లేదు. ఆ ఊరి పేరును దేశమంతా మోగించిన ఉక్కు కర్మాగారం నడిచేదే దీని బలం మీద. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు మన నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్నారు. 1990లో గోదావరి, 1992లో కృష్ణ, 2012లో అన్నపూర్ణ. మొదటి రెండూ ఒక్కోటి 3,200 ఘనపు మీటర్ల పరిమాణంతో పుట్టిన కొలుములు. ఆ కొలిమి అడుగుభాగాన్ని ఇంజినీర్లు 'హార్త్' అంటారు. ఇంట్లోని ఫైర్‌ప్లేస్ అడుగునూ ఇంగ్లిషులో పిలిచేది అదే మాటతో!

కొలిమిలో జరిగేదీ కుంపట్లో జరిగేదే. ఓడల్లో దిగిన కోకింగ్ బొగ్గును కోక్‌గా మార్చి, ఇనుప ఖనిజంతో కలిపి పైనుంచి వేస్తారు. కింది నుంచి వేడిగాలి కొడతారు. కోక్ కాలి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలిన ఇనుము కరిగి అడుగుకు దిగుతుంది. ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసుకునే ఈ వాయువే గదిలో ఉంటే మనిషి రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. తేడా అంతా దారిలో ఉంది. కర్మాగారంలో కొలిమి నెత్తి మీద నుంచి వచ్చే వాయువులో దాదాపు నాలుగు నుంచి అయిదింట ఒక వంతు కార్బన్ మోనాక్సైడే. దాన్ని గొట్టాల్లో బంధించి, దుమ్ము వడగట్టి, మళ్లీ ఇంధనంగా వాడుకుంటారు. ఆ గ్యాస్ ఉండే చోటికి వెళ్లే సిబ్బంది, దాన్ని పసిగట్టే పరికరం లేకుండా అడుగు పెట్టకూడదన్నది ఉక్కు పరిశ్రమలో నియమం.

అంత పెద్ద కొలిమికే అన్ని జాగ్రత్తలుంటే, పిల్లలు పడుకునే గదిలోని చిన్న కొలిమికి ఒక్క పొగగొట్టమైనా ఉండొద్దూ!

పొగను నడిపించిన ఇద్దరు

గోడలో మంట, దాని మీద పొగగొట్టం... ఐరోపా వాళ్లకూ ఇది పుట్టుకతో వచ్చింది కాదు. అక్కడా ఒకప్పుడు గది మధ్యలో మంట, కప్పులో కన్నం. పొగగొట్టాలు వచ్చాక వేరే చిక్కు వచ్చింది. వెడల్పాటి గొట్టంలోంచి పొగతో పాటు గదిలోని వేడంతా పైకి పోయేది. మంట వైపు ముఖం మాడిపోతుంటే వీపు గడ్డకట్టేది.

అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల్లో ఇనుప పలకలతో ఒక పొయ్యి రూపొందించి, 1744లో దాని గురించి చిన్న పుస్తకమే ప్రచురించాడు. వేడి గొట్టంలోకి పారిపోకుండా ఇనుము ద్వారా గదికి చేరాలన్నది ఆయన ఆలోచన. ఆ తర్వాత కౌంట్ రమ్‌ఫర్డ్‌గా పేరుపడ్డ బెంజమిన్ థాంప్సన్ 1790ల్లో లండన్‌లో పొగ చూరిన ఇళ్లను చూసి లెక్కలు కట్టాడు. మంట గదిని వేడి చేసేది గాలి ద్వారా కాదు, ఎండ తాకినట్టు సూటిగా తాకే కిరణాలతోనే అని గ్రహించాడు. కాబట్టి నిప్పుగూడు లోతు తగ్గాలి, పక్క గోడలు ఏటవాలుగా తెరుచుకోవాలి, పొగ వెళ్లే గొంతు సన్నబడాలి అన్నాడు. ముందు వెడల్పు మూడడుగులుంటే వెనక గోడ ఒక అడుగు, లోతు ఒక అడుగు. గొంతు నాలుగంగుళాలు. రెండు శతాబ్దాలు దాటినా చిన్న గదికి ఫైర్‌ప్లేస్ కట్టేవాళ్లు ఇప్పటికీ తిరిగి చూసేది ఈ లెక్కనే.

పన్నెండడుగుల హాలుకు కొలతలు

ఘాటు మీద హోంస్టే కావచ్చు, చలి దేశంలో పిల్లలు కొనుక్కున్న ఇల్లు కావచ్చు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పున్న హాలు అనుకుందాం. అందులో పెద్ద ఫైర్‌ప్లేస్ గొప్ప కాదు, శిక్ష. నిప్పుగూడు ముఖం రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తుంటే చాలు.

పొగగొట్టం లోపలి కొలత ముఖం వైశాల్యంలో పదో వంతు ఉండాలన్నది పాత లెక్క. పై ముఖం 576 చదరపు అంగుళాలు. పదో వంతు అంటే దాదాపు 58. ఎనిమిదంగుళాల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పున్న గొట్టం సరిపోతుంది. ముఖం పెద్దదై గొట్టం చిన్నదైతే పొగ గదిలోకే తన్నుకొస్తుంది. 'అందంగా ఉంటుంది, ఇంకో అడుగు పెంచు మేస్త్రీ' అన్న మాట దగ్గరే చాలా ఫైర్‌ప్లేసులు పాడవుతాయి.

గొట్టం కప్పు దాటాక కనీసం మూడడుగులు లేవాలి. చుట్టూ పదడుగుల దూరంలో కప్పు ఎత్తుగా ఉన్నా, గోడ ఉన్నా దానికంటే రెండడుగులు పైన ఉండాలి. మన ఇళ్లకు పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు ఉంటాయి. వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. లేకుంటే గాలి వాటికి తగిలి సుడి తిరిగి పొగను కిందికి నెడుతుంది. మొత్తం ఎత్తు పదిహేనడుగులకు తగ్గకపోతే లాగుడు బాగుంటుంది. బయటి గోడ కంటే లోపలి గోడకు కట్టుకుంటే గొట్టం వెచ్చగా ఉండి పొగ చురుగ్గా లేస్తుంది.

నిప్పు తగిలే చోట మామూలు ఇటుక, సిమెంటు పనికిరావు. వేడికి పగుళ్లిస్తాయి. లోపలి వరస ఫైర్ బ్రిక్స్‌తో, వాటి మధ్య ఫైర్‌క్లే పూతతో కట్టాలి. అతుకు పావంగుళం మించకూడదు. వెనక మామూలు ఇటుకతో కలిపి గోడ మందం ఎనిమిదంగుళాలకు తగ్గకూడదు. గ్రానైటు నిగనిగలాడుతుంది కదాని నిప్పుగూడు లోపల వేయించకండి, చిట్లిపోతుంది. బయటి అలంకారానికి వాడుకోవచ్చు. ముందు పదహారంగుళాలు, పక్కలకు ఎనిమిదంగుళాల మేర నేల కాలనిదై ఉండాలి. చెక్క అలమర, కర్టెన్, సోఫా... ఏదీ ఆ గీత దాటి రాకూడదు.

శ్లాబుకు కన్నం పెట్టే పని మాత్రం మేస్త్రీ మాట మీద జరగకూడదు. దూలం ఎక్కడుంది, చువ్వలు ఎటు నడిచాయి అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పాలి. వాస్తు చూసుకునేవారు ఎలాగూ ఆగ్నేయ మూల అడుగుతారు. మూల ఏదైనా, పైన గొట్టానికి తిన్నని దారి ఉండటం ముఖ్యం.

మంట కాదు, పొయ్యి మేలు

ఇంత చేసినా బహిరంగ ఫైర్‌ప్లేస్‌లో ఒక బలహీనత ఉంది. కట్టెల వేడిలో గదికి దక్కేది పదో వంతు అటూ ఇటూగా మాత్రమే. మిగతాది గొట్టం పాలు. పైగా అది గంటకు కొన్ని వందల ఘనపు మీటర్ల గాలిని గది నుంచి లాగేస్తుంది. పన్నెండడుగుల హాల్లో ఉండే గాలి మొత్తం నలభై ఘనపు మీటర్లే. అంటే గంటలో ఎన్నోసార్లు గదిలోని వెచ్చని గాలి బయటికి పోయి, తలుపు సందుల్లోంచి చలిగాలి లోపలికి వస్తుంది.

అందుకే చిన్న గదికి నిపుణులు చెప్పేది తలుపున్న ఇనుప పొయ్యి. ముందు అద్దం ఉంటుంది కాబట్టి మంట కనబడుతుంది. గాలిని కావలసినంతే లోపలికి వదలొచ్చు. మంచి పొయ్యిలో వేడిలో అరవై, డెబ్భై శాతం గదికే దక్కుతుంది. చోటు కూడా ఓ కుర్చీకి పట్టేంతే. అయితే చెక్క సామానుకు మూడడుగుల దూరంలో, దాని ఒంటి పొర గొట్టం కాలే వస్తువుకు అడుగున్నర దూరంలో ఉండాలి.

కట్టెలు ఎండినవే కావాలి. కొట్టిన కట్టె కనీసం ఆర్నెల్లు ఆరాలి. పచ్చి కట్టెల పొగ గొట్టంలో తారులా పేరుకుంటుంది. ఒకనాడు అదే అంటుకుంటుంది. కోస్తాలో దొరికే సరుగుడు, తుమ్మ చక్కగా కాలతాయి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ మాత్రం వేయొద్దు. గొట్టాన్ని ఏటా ఒకసారి శుభ్రం చేయించాలి. వంటింట్లో చిమ్నీ, ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తే అవి గదిలోని గాలిని లాగి, గొట్టంలోని పొగను వెనక్కి రప్పిస్తాయి. మంట వెలిగినంతసేపూ వాటిని ఆపాలి, లేదంటే ఓ కిటికీ తెరిచి ఉంచాలి. 'వేడి పోతుంది' అని నిప్పులు ఆరకుండానే గొట్టం మూత వేయడం మరో పొరపాటు. నివురు కప్పిన నిప్పుల సంగతి ముందే చెప్పుకొన్నాం కదా!

ఫ్లాటులో ముచ్చట తీరాలంటే...

విశాఖలో అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో, రెండో అంతస్తులో ఉండేవారు గొట్టం ఎటు తీసుకెళ్తారు? పైన ముగ్గురి హాళ్లున్నాయి. కాబట్టి అక్కడ నిజమైన నిప్పు మాట మరచిపోవడమే మంచిది. ముచ్చట తీర్చుకోవడానికి ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేసులున్నాయి. ఎల్ఈడీ వెలుగుతో మంటలా కనిపిస్తాయి. వేడి అక్కర్లేదనుకుంటే మంట మాత్రమే వెలిగించుకోవచ్చు, కరెంటు ఖర్చు బల్బుకయ్యేంతే. హీటర్ వేస్తే ఒకటిన్నర నుంచి రెండు వేల వాట్లు. అంటే గంటకు రెండు యూనిట్ల దాకా. దానికి పదహారు ఆంపియర్ల ప్లగ్గు, సరైన వైరింగు ఉండాలి.

బయో ఇథనాల్‌తో మండే పొయ్యిలకు 'గొట్టం అక్కర్లేదు' అని ప్రచారం చేస్తారు. వాటికి పొగ రాదన్నది నిజమే. కానీ గదిలోని ఆక్సిజన్‌ను వాడుకునేది అవీ. కిటికీ తెరిచి ఉంచాల్సిందే. వేడిగా ఉన్నప్పుడు ఇంధనం నింపితే ఒక్కసారిగా భగ్గుమంటుంది. పిల్లలున్న ఇంటికి అది తగదు. వీటన్నింటికంటే చవకైన దారి ఇంకోటుంది. గోడలో ఇటుకల గూడు, అందులో నాలుగు మట్టి ప్రమిదలు. విశాఖ చలికి అది చాలదా!

ఇవి మరవొద్దు

బొగ్గుల కుంపటి, బార్బెక్యూ పొయ్యి, నెగడులో మిగిలిన నిప్పులు... మూసిన గదిలో, గుడారంలో, కారులో ఎన్నడూ పెట్టుకోవద్దు. పొగ రాకపోయినా సరే.

బాలింత గదిలో కుంపటి తప్పదనుకుంటే తలుపు, కిటికీ తెరిచే ఉంచాలి. పని అవగానే బయట పెట్టేయాలి. నిప్పు ఉన్న గదిలో ఎవరూ నిద్రపోకూడదు.

నిప్పు ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. పొగను పసిగట్టే అలారం వేరు, ఇది వేరు.

ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మందికి ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వస్తే 'తిన్నది పడలేదు' అనుకోవద్దు. తలుపులు తెరవండి, అందరినీ ఆరుబయటికి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నరలో తగ్గుతుంది. అందుకే 'కాస్త పడుకుంటే సర్దుకుంటుంది' అన్న సలహా ప్రాణాంతకం.

నిప్పు మంచి సేవకుడే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ కొలుముల్లో కరిగి దేశానికి ఉక్కయ్యింది దాని చలవే. కానీ అక్కడ దానికి దారి వేశాకే రాజేశారు. ఈ చలికాలం లంబసింగి మంచులో నెగడు ముందు కూర్చున్నా, చికాగోలో కూతురింటి హాల్లో ఫైర్‌ప్లేస్ ముందు కూర్చున్నా, ఓసారి తలెత్తి చూడండి. పైన దారి కనబడిందా... ఇక హాయిగా చేతులు చాపి కాచుకోవచ్చు!